దాల్చిన చెక్క – చెక్కా, పట్టా, బెరడా?

సందేహం: ఆన్‌లైన్‌లో తెప్పించిన ఆయుర్వేదం పొడి ప్యాకెట్ మీద తెలుగులో ‘అర్జున చెట్టు మొరుగు’ అని అచ్చయింది. ఇంట్లో అందరం నవ్వుకున్నాం. తీరా అక్కడ ఏం రాయాలన్న దగ్గర వాదన మొదలైంది. ‘బెరడు’ అనాలని మా అమ్మాయి. అర్జున అంటే మన తెల్లమద్దే కాబట్టి ‘మద్దిచెక్క’ అంటే సరిపోతుందని మా అత్తగారు. ‘పట్ట’ అందామంటే అది తమిళం అని మావారు. చెక్క అంటే కలప కదండీ? ఏది సరైనది?
– ఒక పాఠకురాలు, కావలి

సమాధానం: ముందు మొరుగు సంగతి. ఇంగ్లిషులో కుక్క అరుపూ చెట్టు బెరడూ రెండూ ‘బార్క్’. నిజానికి అవి వేరువేరు మాటలు. అరుపుది పాత ఇంగ్లిషు మాట, బెరడుది స్కాండినేవియా నుంచి వచ్చింది. రానురాను స్పెల్లింగ్ ఒకటైపోయింది. లాటిన్ వైపు నుంచి వచ్చిన ఇంకో బార్క్‌కు ఓడ అని అర్థం. ప్యాకెట్ మీద ‘అర్జున ఓడ’ అని పడనందుకు సంతోషించండి. మనకు ఆ చిక్కు లేదు. మొరగడం కుక్క పని. మనవైపు మాటల్లో ‘కుక్క అరస్తా ఉండాది’ అనేదే ఎక్కువ. మనిషి మొరిగాడంటే అది తిట్టే.

ఇక చెక్క. మీ అత్తగారి మాటలో తప్పేమీ లేదు. చెక్క అనగానే కలప గుర్తుకు రావడం వల్ల వచ్చిన అనుమానం ఇది. ‘చెక్కు’ అనే క్రియకు ఇది దగ్గరి చుట్టం. మామిడికాయ చెక్కు తీస్తాం, కిందపడితే మోకాలు చెక్కుకుపోతుంది. కొబ్బరి చెక్క, నిమ్మచెక్క, గేదెలకు పెట్టే వేరుశనగ చెక్క, పండక్కి నూనెలో వేయించే చెక్కలు – వీటిలో ఏదీ కలప కాదు. కోసినా, చెక్కినా, అదిమినా తేలే బిళ్ల, ముక్క, పెచ్చు ఏదైనా చెక్కే. 1990ల మొదట్లో సారా వ్యతిరేక ఉద్యమం లేచిన జిల్లా మన నెల్లూరు. ఆ సారా కాచడానికి వాడే తుమ్మచెక్క కూడా తుమ్మ బెరడే, తుమ్మ దుంగ కాదు.

దాల్చిన చెక్క కథ ఇంకా సరదాగా ఉంటుంది. ‘దాల్చిన’ అన్నది చూడ్డానికి ‘కిరీటం దాల్చిన రాజు’లో మాటలా ఉన్నా, దానికీ దీనికీ సంబంధం లేదు. పారశీకంలో ‘దార్ చీనీ’ అంటే చైనా చెక్క. దార్ అంటే చెట్టు, కొయ్య. మన దేవదారులోని సంస్కృత ‘దారు’ దానికి సోదరి. అంటే దాల్చిన చెక్క అన్నప్పుడల్లా చెక్కను రెండుసార్లు అంటున్నామన్నమాట! నిజానికి అది చెట్టు లోపలి బెరడు. ఆయుర్వేదం దాన్ని సూటిగా ‘త్వక్’ అంది, అంటే చర్మం.

మీవారితో మాత్రం నాకు పేచీ ఉంది. తమిళంలో ‘పట్టై’ ఉన్నమాట నిజమే, నెల్లూరు మసాలా కొట్లలో ‘పట్టా లవంగం’ వినిపించడానికి ఆ పొరుగు కొంత కారణం కావచ్చు. అంతమాత్రాన పట్ట తమిళులది మాత్రమే అయిపోదు. తోళ్లు పదును చేయడానికి వాడిన తంగేడు పట్ట మన మాటే. కన్నడిగులు దాల్చిన చెక్కను ‘చక్కె’ అంటారు. వాళ్లకు చక్కె, తమిళులకు పట్టై. మధ్యలో ఉన్న మనకు రెండూ ఉన్నాయి. ఒకటి వదులుకోవడం ఎందుకు?

బెరడు కూడా మంచి తెలుగే. నా దృష్టిలో తేడా ఇది: చెట్టును అంటిపెట్టుకుని ఉన్నంతసేపూ బెరడు, ఒలిచి సరుకుగా చేతికొచ్చాక పట్ట, చెక్క. అందుకే సైన్సు పుస్తకంలో బెరడు బాగుంటుంది. మందు ప్యాకెట్ మీద నేనైతే ‘మద్దిచెక్క పొడి’ అనే రాస్తాను.

నార అని మాత్రం రాయనివ్వకండి. అది బెరడు లోపలి పీచు. గోగునార, జనపనార, రాముడి నారచీరలు ఆ కోవలోవి. తాటినారైతే బెరడు నుంచి కూడా కాదు, మట్ట నుంచి వస్తుంది.