కలువలా ఉన్న చిన్న తెల్లపూల మొక్క

తిరుచానూరు దగ్గరి చెరువు నుంచి తెచ్చి తొట్టిలో పెట్టిన మీ మొక్క కలువేనా అని అడిగారు, కాకపోవచ్చు. రూపాయి బిళ్లంత తెల్లపూలు, రేకుల మీదంతా నూగు అన్నారు కదా, అది నింఫాయిడీస్ ఇండికా అనే మన దేశవాళీ నీటిమొక్క అయి ఉంటుంది. ఆకులు చూసి తేల్చడం కష్టం. రెండింటివీ గుండ్రంగా, ఒక పక్క చీలికతో ఉంటాయి.

చాలామంది వదిలేసేది పూకాడ ఎక్కడ మొదలైందో చూడటం.

1. నీళ్లలో చెయ్యి పెట్టి, పూకాడ వెంట వేళ్లతో మెల్లగా కిందికి తడమండి. లాగొద్దు, తెగుతుంది.
2. విడిగా బురదలోని దుంప దాకా వెళ్తే కలువ.
3. ఆకుకు కొంచెం కిందే, ఆకుకాడ కణుపు దగ్గర ఆగి, అక్కడే మొగ్గలు గుత్తిగా తగిలితే నింఫాయిడీస్.

పూలు వాడిపోతున్నాయని టెన్షన్ వద్దు. దీని పువ్వు ఒక్కరోజే ఉంటుంది, గుత్తిలో ఇంకో మొగ్గ విచ్చుకుంటుంది.