ఎక్స్-మెన్ 66వ సంచిక తర్వాత పాత కథలే ఎందుకు వస్తున్నాయి? – సమాధానం

మీ ప్రతుల్లో తప్పేమీ లేదండీ. మార్వెల్ వారి వీరుల కామిక్ ఎక్స్-మెన్‌ను 1963 నాటి తొలి సంచిక నుంచి వరుసగా చదువుతూ వస్తే 67 నుంచి పాత కథలే కనిపిస్తున్నాయని, 94 తెరిస్తే ముక్కూమొహం తెలియని వీరులు ఉన్నారని రాశారు. అమ్మకాలు పడిపోయి 1970లో 66వ సంచికతో కొత్త కథలు ఆపేశారు. 67 నుంచి 93 దాకా అన్నీ పునర్ముద్రణలే. నిశ్చింతగా దాటేయండి. (మొండితనంతో నేను అవీ తిరగేశాను, అది వేరే సంగతి.)

మీకు అందనిది 1975లో విడిగా వచ్చిన 'జెయింట్-సైజ్ ఎక్స్-మెన్' మొదటి సంచిక. దాని సంఖ్య ఈ వరుసలో లేదు కాబట్టే చాలామందికి చేజారుతుంది. రచన లెన్ వీన్, బొమ్మలు డేవ్ కాక్రమ్. క్రకోవా దీవిలో చిక్కుకున్న పాత బృందాన్ని విడిపించడానికి వాళ్ల గురువు ప్రొఫెసర్ ఎక్స్ కెన్యా నుంచి స్టార్మ్‌ను, జర్మనీ నుంచి నైట్‌క్రాలర్‌ను, రష్యా నుంచి కొలోసస్‌ను, ఇలా తలో దేశం నుంచి ఒక్కొక్కరిని పోగుచేస్తాడు. అది చదివి 94 పట్టుకుంటే అంతా అతుకుతుంది. ఆ కొత్త బృందంలోని వుల్వరిన్ తొలిసారి కనిపించిన కథ చూడాలంటే 1974 నాటి 'హల్క్' కామిక్ 180, 181 సంచికలు కూడా చదవండి. పాత బృందంలోని బీస్ట్‌కు ఒళ్లంతా బొచ్చు మొలిచింది 1972లో, 'అమేజింగ్ అడ్వెంచర్స్' అనే కామిక్ 11వ సంచికలో.

అన్నట్టు, నీల్ ఆడమ్స్ గీసిన 56–63 సంచికలను కథ కోసం గబగబా తిప్పేసి ఉంటే, ఒకసారి వెనక్కి వెళ్లి బొమ్మల కోసమే చూడండి.