దొరకలేదని కూడా రాయి, బిడ్డా

హన్మకొండ

బిడ్డా,

నువ్వు పంపిన జియోక్యాషింగ్ లాగ్‌లన్నీ చదివాను. ఎవరో దాచి, జీపీఎస్ కొలతలు నెట్‌లో పెట్టిన డబ్బాను వెతికే ఆట కదా ఇది; వెతికినవాళ్ళు ఏం జరిగిందో నెట్‌లో రాసేదే లాగ్. బాగున్నాయి, నీకు చూపుంది. కానీ ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నది వాటి గురించి కాదు. మెయిల్ చివర్న మాటవరసకు అన్నట్టు ఒక వాక్యం రాశావు: "ఆ గుట్ట మీది డబ్బా కోసం మూడుసార్లు పోయిన మేడం, దొరకలేదు, అందుకే లాగ్ ఏం రాయలే, దొరికినంక మంచిగ రాస్త."

అది చదివి నాకు నిజంగా బాధేసింది. అంత ఎండలో, అంత ముళ్ళకంపలో మూడుసార్లు ఎక్కి దిగావు. ఒక్క ముక్క రాయాలనిపించలేదా? నువ్వు పంపిన లాగ్‌లన్నిటికన్నా ఎక్కువ అవసరమైనది నువ్వు రాయనిదే.

ఎందుకో చెప్తాను. నేనూ డబ్బాలు పెట్టినదాన్నే కాబట్టి అవతలి వైపు నుంచి చెప్తున్నా. డబ్బా పెట్టినవాళ్ళు దాని పక్కన కూర్చోరు. ఎవరు లాగ్ రాసినా మెయిల్ వస్తుంది, అంతే. దాన్ని బట్టే డబ్బా క్షేమంగా ఉందో లేదో తెలుసుకోవాలి. ఏ మెయిలూ రాకపోతే ఎవరూ పోలేదనుకుంటాం. నిజానికి నలుగురు పోయి, ఖాళీ చేతులతో తిరిగొచ్చి, "నా కళ్ళకే కనబడలేదేమో" అనుకుని ఊరుకుని ఉంటారు. ఐదో మనిషి హైదరాబాద్ నుంచి పిల్లల్ని వెంటేసుకుని పొద్దున్నే బయల్దేరతాడు. బయల్దేరే ముందు చివరి లాగ్ చూస్తాడు. అక్కడ ఎనిమిది నెలల కిందటి "దొరికింది" నవ్వుతూ కనిపిస్తుంది. ఊరి బావి ఎండిపోయిందని చూసి కూడా ఎదురొచ్చేవాళ్ళకు చెప్పకుండా నడిచిపోయినట్టు కాదా ఇది?

దొరకలేదని రాస్తే పరువు పోతుందని నీ భయం. నువ్వు అలా అనలేదు, కానీ నాకు తెలుసు. ఈ ఆటలో దానికో లాగ్ రకమే ఉంది, దొరికితే పసుపు నవ్వు ముఖం, దొరక్కపోతే నీలం రంగు దిగులు ముఖం. అది పెట్టినంత మాత్రాన నీకు దొరికినవాటి లెక్క తగ్గదు. వందలు, వేలు దాటినవాళ్ళ పేజీల్లో కూడా ఆ నీలం ముఖాలు ఉంటాయి. నన్నడిగితే అవి ఉన్నవాళ్ళ మాటే నేను నమ్ముతాను. ఒక్క నీలం ముఖం కూడా లేని పేజీ చూస్తే, ఈ మనిషి ఓడిపోలేదా, ఓడిపోయి చెప్పలేదా అని అనుమానం వస్తుంది.

ఈ విషయంలో నాకు పాత కోపం ఒకటుంది. చెప్పి తీరాలి.

వయసులో ఉన్నప్పుడు మా అన్నతో కలిసి కురిక్యాల శాసనం చూడాలని బయల్దేరాను. నీకు తెలిసే ఉంటుంది. కరీంనగర్ నుంచి జగిత్యాల పోయే దారిలో గంగాధర మండలంలో బొమ్మల గుట్ట ఉంది. కన్నడ మహాకవి పంపడి తమ్ముడు జినవల్లభుడు పదో శతాబ్దంలో దాని మీద శాసనం చెక్కించాడు. సంస్కృతం, కన్నడంతో పాటు తెలుగులో మూడు కంద పద్యాలున్నాయి. పుస్తకంలో చదివి పరవశించిపోయి, వరంగల్‌లో బస్సెక్కి, కరీంనగర్‌లో మారి, దిగి నడిచాం. శాసనం ఎక్కడ అని అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. ఒక గొర్ల కాపరి ఏదో గుట్ట చూపించాడు, ఎక్కాం, బండలు తప్ప ఏమీ లేవు. నీళ్ళు అయిపోయాయి. పొద్దు గూకింది. చివరి బస్సు దొరుకుతుందో లేదో అని పరుగెత్తాం. తర్వాత ఇంకోసారి పోయి చూశాం. రాతి మీద జైన మూర్తులు, జైన దేవత చక్రేశ్వరి, వాటి కింద అక్షరాలు. చేతులు వణికాయి.

రెండు ప్రయాణాలూ కలిపి వ్యాసం రాసి ఒక పత్రికకు పంపాను. అచ్చయి వచ్చింది. మొదటి సగం లేదు. ఎడిటర్‌ను అడిగితే, "దొరకని ముక్క ఎవరికమ్మా? చూసిన ముక్క చాలు" అన్నారు. ఏ ఊళ్ళో దిగాలి, ఎవరిని అడగాలి, శాసనం అనకుండా బొమ్మల గుట్ట అని అడగాలని, ఏ వేళకు వెనక్కి తిరగాలి, ఇదంతా ఆ మొదటి సగంలోనే ఉంది. తర్వాత ఒక పాఠకుడు కార్డు రాశాడు: "మీ వ్యాసం చదివి పోయాను, మాకు గుట్ట దొరకలేదు, దారి రాస్తే బాగుండేది." నేను రాశాను నాయనా, కోసేశారు. ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గరుంది. ఆ కోపమూ ఉంది.

ఇప్పుడు ఎడిటర్ అవసరం కూడా లేదు, ఎవరికి వాళ్ళే కోసుకుంటున్నారు. ఏ రీల్ చూడు, ఎక్కినవాళ్ళే, పైన నిలబడి చేతులు చాపినవాళ్ళే. దారి తప్పినవాడు ఒక్కడూ కనిపించడు. పోనీ, ప్రయాణాల రాతలు అలా పాడైపోయాయి అనుకుందాం. జియోక్యాషింగ్ లాగ్ అయినా అలా కాకూడదని నా పంతం. ఎందుకంటే ఇది పుట్టిందే చెప్పుకోవడంతో. 2000 మే మొదట్లో అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సిగ్నల్‌లో కావాలని కలిపిన తప్పును తీసేసింది. మామూలు జనం చేతిలోని పరికరం ఒక్కసారిగా దాదాపు పదింతలు సరిగ్గా చూపించడం మొదలుపెట్టింది. మే 3న డేవ్ అల్మర్ అనే ఆయన ఆరెగాన్‌లో బీవర్‌క్రీక్ దగ్గర అడవిలో ఒక నల్ల బకెట్ పెట్టి, అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్‌లో రాశాడు. బకెట్‌లో నోటు పుస్తకం, పెన్సిల్ కూడా పెట్టాడు. మూడు రోజుల్లో ఇద్దరు వెతికి పట్టుకుని, ఎలా పట్టుకున్నారో తిరిగి నెట్‌లో రాశారు. ఆ రాయడమే లేకపోతే ఆ బకెట్ అడవిలో పారేసిన బకెట్టే. జియోక్యాషింగ్ అనే పేరు కూడా ఆ తర్వాతే వచ్చింది.

సరే, ఆ గుట్ట లాగ్ ఎలా రాయాలో చెప్తాను. మూడుసార్లు పోయావు కాబట్టి మూడు లాగ్‌లు, ఏ రోజుది ఆ రోజు తేదీతో. ఎంతసేపు వెతికావు, ఏ వేళప్పుడు, డబ్బాకు ఇంకెంత దూరమో ఫోన్ చూపించే అంకె నిలకడగా ఉందా లేక బండల మధ్య అటూ ఇటూ దూకుతోందా. డబ్బా పెట్టిన ఓనర్‌కు ఇవి కావాలి. పది నిమిషాలు చూసి వదిలేస్తే అలాగే రాయి, గంటన్నర వెతికితే అలాగే రాయి. రెండిటికీ చాలా తేడా ఉంది. మనుషులున్నారని వెతక్కుండానే వెనక్కి వస్తే అదీ రాయి. కానీ "డబ్బా పోయింది" అని మాత్రం రాయకు. పోయిందని నీకు తెలియదు, నీకు దొరకలేదని మాత్రమే తెలుసు. ఇంకోటి, కొందరు దొరక్కపోతే తమ జేబులోంచి ఓ కొత్త డబ్బా తీసి అక్కడ పెట్టేసి "దొరికింది" అని రాసుకుంటారు. సాయం చేశామనుకుంటారు. అసలుది అక్కడే ఉంటే ఒక చోట రెండు డబ్బాలవుతాయి, తర్వాత వచ్చేవాళ్ళు ఏది పట్టుకున్నారో ఓనర్‌కే తెలియదు. ఓనర్ అడగకుండా ఆ పని ఎప్పుడూ చెయ్యొద్దు.

రేపు నిజంగా దొరికిందనుకో, దిగులు ముఖాన్ని చెరిపేసి దాని మీదే నవ్వు ముఖం పెట్టొద్దు. కొత్తగా ఇంకో లాగ్ రాయి. పాతవి అలాగే ఉండనీ. మూడుసార్లు ఓడినమ్మాయి నాలుగోసారి పట్టుకుందని చదివితే ఆ పెట్టినాయనకు ఎంత ఆనందమో నీకు తెలియదు.

ఇప్పుడు నీ "దొరికింది" లాగ్‌ల సంగతి. పొగిడాను కదా అని వదిలిపెట్టను.

ఒకే రోజు తిరిగిన ఐదు చోట్లకూ ఒకే పేరా అతికించావు. చల్లటి పొద్దు, పక్షుల కూతలు, మిత్రుల నవ్వులు, బాగానే ఉంది. కానీ ఐదుగురు ఓనర్లకు ఒకే ఉత్తరమా? ఆ రోజు కథంతా ఒక్కదానిలో రాయి, మిగతా నాలుగింటికి అక్కడిదే ఒక్కో వాక్యం చాలు. "మూత బిగుసుకుపోయి పళ్ళతో తీశాను" అన్నా చాలు, అది ఆ డబ్బాకే చెందుతుంది. ఇంకో రెండింటికి ఉత్త "టీఎఫ్‌టీసీ" అని నాలుగు అక్షరాలు పడేశావు. 'థాంక్స్ ఫర్ ద క్యాష్'కు పొట్టి రూపం అది; డబ్బా పెట్టినందుకు థాంక్స్ చెప్పినట్టే, కాదనను. కానీ ఒకాయన కొలతలు వేసుకుని, చోటు వెతికి, వానకు తడవని డబ్బా కొని, గుట్టెక్కి పెట్టాడు. నాలుగు అక్షరాలకేనా? లోపలి కాగితంలో చోటు లేదంటే ఒప్పుకుంటాను; నానో డబ్బా అయితే వేలి కొస అంతే ఉంటుంది, పేరూ తేదీ తప్ప పట్టదు. నెట్‌లో చోటుకేం కరువు?

తొర్ర సంగతికి వస్తున్నా. "చెట్టు తొర్రలో ఎడమ చెయ్యి పెడితే తగుల్తుంది" అని రాసి, చెయ్యి పెట్టిన ఫొటో కూడా పెట్టావు. ఈ ఉత్తరం చదవగానే మొదట ఆ ఫొటో తీసెయ్యి. ఓనర్ ఇచ్చిన సూచననే ఇంగ్లీషు అక్షరాలు పదమూడు స్థానాలు జరిపి గూఢంగా ఉంచుతారు, కావాలనుకున్నవాళ్ళే విప్పుకుంటారని. నువ్వు దాన్ని నడిబజారులో చదివావు. దారి చెప్పు, వాతావరణం చెప్పు, కుక్కలున్నాయని చెప్పు. చోటు చెప్పకు. నువ్వు వెతికిన గుట్ట పేరు నేను ఈ ఉత్తరంలో ఎక్కడా రాయకపోవడం గమనించే ఉంటావు. ఎర్త్‌క్యాష్ అయితే డబ్బానే ఉండదు, రాళ్ళ గురించి ప్రశ్నలుంటాయి. వాటి జవాబులు ఓనర్‌కు మెసేజ్‌లో పంపాలి, లాగ్‌లో పెట్టకూడదు. బండరాళ్ళ మీద నువ్వు రాసింది చదువుతుంటే, ఆ రకం నీకు బాగా నచ్చుతుందనిపించింది.

అన్నిటికన్నా నన్ను భయపెట్టింది వేరే వాక్యం. "రెండు మూడు రాళ్ళు పెకిలించి, కింద కొంచెం తవ్వి చూశాను." బిడ్డా, ఇది వరంగల్. మన దగ్గర పాత గుడి పక్కన, పాత గోడ పక్కన ఎవరైనా తవ్వుతూ కనిపిస్తే గుప్తనిధుల కోసమే అనుకుంటారు, అనుకోవడంలో వాళ్ళ తప్పు లేదు. ఆ పేరుతో ఎన్ని దేవుళ్ళను పెకిలించారో, ఎన్ని నందుల్ని పగలగొట్టారో ఈ జిల్లాల్లో ఎవర్ని అడిగినా చెప్తారు. ఈ ఆట నియమాల ప్రకారం స్థలం యజమాని ఒప్పుకోకుండా డబ్బా పెట్టడానికైనా వెతకడానికైనా నేల తవ్వకూడదు. కేంద్రం రక్షణలో ఉన్న కట్టడాల దగ్గర అయితే కట్టడం రాయి తీసినా, పాడుచేసినా 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం కింద నేరం కావచ్చు. నువ్వు చేసిన దానికన్నా, దాన్ని రాయడం ఇంకా ప్రమాదం. నీ తర్వాత వచ్చేవాడు చదివి, ఓహో తవ్వాలేమో అనుకుంటాడు. ఆ వాక్యం మార్చు. తీసిన రాయి తీసినట్టే పెట్టాలని రాయి. ఊరివాళ్ళు ఎదురైతే దాక్కోకుండా ఫోన్ చూపించి, ఇదొక ఆట అని నెమ్మదిగా చెప్పమని రాయి. ఆడపిల్లవు, ఒక్కదానివే పోతున్నావు, నీకూ అదే చెప్తున్నా.

తెలుగులో రాయాలా ఇంగ్లీషులోనా అని అడిగావు. తెలుగులోనే రాయి. ఓనర్ బయటి మనిషయితే కింద ఓ రెండు ముక్కలు ఇంగ్లీషులో పెట్టు. ఈ లాగ్‌లన్నీ పుస్తకంగా వేయొచ్చా అన్న ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పను.

ఒక్క విషయం మర్చిపోయేదాన్ని. చెరువు గట్టు దగ్గరి డబ్బాలో కాగితం తడిసి ముద్దయిందని రాసి, కింద నవ్వు ముఖం పెట్టి వదిలేశావు. లాగ్‌లో ఆ మాట ఉంటే సరిపోదు. ఓనర్ దృష్టికి తేవాలని విడిగా చెప్పే మార్గం ఉంది, లాగ్ రాసేటప్పుడే కనిపిస్తుంది, దాన్ని వాడు. వానాకాలం అయ్యేదాకా సంచిలో రెండు పొడి కాగితాలు, చిన్న జిప్ కవరు, ఒక పెన్సిల్ పెట్టుకో. పెన్ను సిరా తడికి కరిగిపోతుంది, పెన్సిల్ రాత నిలుస్తుంది. పొడి కాగితం పెట్టి, తడిసినదాన్ని పారెయ్యకుండా ఫొటో తీసి ఓనర్‌కు పంపు. ఆ ముద్దలో ఇంతకు ముందు వచ్చినవాళ్ళ పేర్లున్నాయి, వాటిని ఏం చేయాలో ఆయన చెప్తాడు.

ఉంటాను.