పోర్చుగల్‌లో పోస్ట్‌డాక్: ముందు చూడాల్సింది ఒప్పందం

ప్రశ్న: మా అమ్మాయి కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేసి ఏడాది దాటింది. పోర్చుగల్‌లో పోస్ట్‌డాక్‌లకు అప్లై చేస్తోంది. జర్మనీ చూడమంటే వినదు. ముప్పై వచ్చాయి, పెళ్లి మాట ఎత్తనివ్వదు. రెండింటిలో ఏది మంచిది? త్వరగా పర్మనెంట్ అయ్యేది ఎక్కడ?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: పోస్ట్‌డాక్ అంటే పీహెచ్‌డీ తర్వాత కొన్నాళ్లు చేసే పరిశోధన, అది ఎక్కడా పర్మనెంట్ కాదండీ. జర్మనీలో జీతం ఎక్కువే. కానీ అక్కడి యూనివర్సిటీల్లోనూ పీహెచ్‌డీ తర్వాత తాత్కాలిక ఒప్పందాలకు మామూలుగా ఆరేళ్లే గడువు. మీ అసలు బాధ దేశం గురించి కాదు, "ఇంత చదివించాం, ఇంకెప్పుడు స్థిరపడుతుంది" అని. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. మీ అమ్మాయి దారి తప్పలేదు. సైన్స్‌లో ఈ వయసులో చాలామంది ఉండేది ఈ దశలోనే.

అయితే పోర్చుగల్ మీద ఈ మధ్య పెరిగిన మోజు నాకు నచ్చదు. యూరప్‌కు సులువైన దారి అని కన్సల్టెన్సీలు చెబుతున్నాయి. లిస్బన్‌లో అద్దెలు మండిపోతున్నాయి. రెసిడెన్స్ పర్మిట్లు చూసే అక్కడి ప్రభుత్వ సంస్థ ఏఐఎంఏ 2023లో మొదలైన నాటి నుంచే లక్షల పెండింగ్ ఫైళ్లతో సతమతమైంది. పైగా కొన్ని నోటిఫికేషన్లు ల్యాబ్‌లో ముందే ఉన్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినట్టుంటాయి. అర్హతలు మరీ విచిత్రంగా, ఇరుకుగా కనిపిస్తే వదిలేయమనండి.

ముఖ్యంగా చూడాల్సింది అది 'బోల్సా'నా, ఉద్యోగ ఒప్పందమా అన్నది. బోల్సా అంటే ఫెలోషిప్, ఉద్యోగం కాదు. పోస్ట్‌డాక్ బోల్సాకు పీహెచ్‌డీ వచ్చి మూడేళ్లు దాటకూడదు, గరిష్ఠంగా మూడేళ్లే ఇస్తారు. ఒప్పందమైతే ఏడాదికి 14 నెలల జీతం, సోషల్ సెక్యూరిటీ ఉంటాయి. దేశ సైన్స్ నిధుల సంస్థ ఎఫ్‌సీటీ, పరిశోధకులే సొంతంగా అప్లై చేసుకునేలా నడిపిన పోటీ ఒప్పందాలదే, కాకపోతే పోటీ విపరీతం. ఏ నోటిఫికేషన్‌లోనైనా దేనికెన్ని మార్కులో రాసి ఉంటుంది. ఒక్క కాగితం తగ్గినా పక్కన పెట్టేస్తారు. ఎంపిక ఫలితాల తాత్కాలిక జాబితా మీద అభ్యంతరం చెప్పడానికి పది పనిదినాలు ఇస్తారు, మనవాళ్లు దాన్ని వాడుకోరు.

అమ్మాయి పట్టుదలకు ఒక కారణం ఉండొచ్చు. యూరోపియన్ యూనియన్ ఇచ్చే మేరీ క్యూరీ పోస్ట్‌డాక్ ఫెలోషిప్‌కు పోర్చుగల్ సంస్థతో కలిసి వేసి, ఫారంలో ఆ ఆప్షన్ ఎంచుకుంటే, ప్రధాన జాబితాలో రాకపోయినా 'ఈఆర్ఏ ఫెలోషిప్స్' అనే మరో యూరోపియన్ యూనియన్ పథకం కింద ఇంకో అవకాశం ఉంటుంది. జర్మనీ సంస్థతో వేస్తే అది లేదు. సాధారణంగా సెప్టెంబరులో గడువు. అంతకు కొన్ని నెలల ముందే ప్రొఫెసర్‌కు రాయాలి. కెమిస్ట్రీకి ఆవెయిరో, పోర్టో యూనివర్సిటీలు, ఓయిరాస్‌లోని ఐటీక్యూబీ పరిశోధన సంస్థ చూడదగ్గవి.

ఒక మాట గట్టిగానే అంటాను, ఏమీ అనుకోకండి. డాక్టరేట్ ఉన్న మనిషి తరఫున మీరు ఉత్తరాలు రాయడమేంటి? ఈ దేశాన్ని ఎందుకు ఎంచుకుందో ఆమెనే ఎప్పుడైనా అడిగారా? పెళ్లి ఊసు లేకుండా? పోస్ట్‌డాక్ ఇప్పిస్తామనే కన్సల్టెన్సీకి మాత్రం రూపాయి కూడా కట్టకండి. ఎంపిక చేసేది ప్రొఫెసర్లున్న కమిటీ (జ్యూరీ), మధ్యవర్తికి అక్కడ చోటు లేదు.

మీరు చేయగలిగిన పని ఒకటుంది. ఒప్పందం నాటికి పీహెచ్‌డీకి పోర్చుగల్‌లో గుర్తింపు తీసుకోవాలి. ఒరిజినల్ డిగ్రీ, దాని మీద అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా వేసే ప్రభుత్వ ధ్రువీకరణ) సిద్ధంగా ఉంటే మంచిది. యూనివర్సిటీలో డిగ్రీ ఇంకా చేతికి రాకపోతే ఆ తిరుగుడు మీరు తిరగండి, ఆమెను ప్రపోజల్ రాసుకోనివ్వండి.