హిమానీనదం గట్టి మంచే కదా, మరి నదిలా ఎలా కదులుతుంది? హిమానీనదాలు ‘వెనక్కి తగ్గుతున్నాయి’ అంటుంటారు, అంటే అవి కొండ పైకి ఎక్కడమా?

ఎండాకాలంలో కరిగేదానికంటే చలికాలంలో కురిసే మంచు ఎక్కువైన చోట ఏటా కొంత మిగిలిపోతుంది. పై పొరల బరువుకు కింది పొరల్లోని గాలి చాలావరకు బయటికి పోయి, మంచు పలుకులు అతుక్కుని గట్టి గడ్డగా మారతాయి. దీనికి చాలాచోట్ల దశాబ్దాలు, అంటార్కిటికా లోపలి భాగంలో శతాబ్దాలు పడుతుంది.

మంచుగడ్డ పెళుసు అనుకుంటాం. నిజానికి పెళుసుగా ఉండేది పైభాగమే, పగుళ్లు కనిపించేదీ అక్కడే. సుమారు 50 మీటర్ల కింద ఉన్న మంచు పై బరువుకు విరగదు, సాగుతుంది. అలా సాగుతూ వాలు వైపు మెల్లగా జరుగుతుంది. అడుగున నీటి పొర ఉంటే గడ్డ మొత్తం రాతి మీద జారుతుంది కూడా. గ్రీన్‌లాండ్‌లోని యాకబ్స్‌హావ్న్ హిమానీనదం 2012 వేసవిలో రోజుకు 40 మీటర్లకు పైగా కదిలింది. ఇది మాత్రం అరుదైన వేగం.

ఎగువన చేరిన మంచు దిగువకు వచ్చి కరుగుతుంది, సముద్రం దాకా వస్తే ముక్కలుగా విరిగిపడుతుంది. రాక కంటే పోక ఎక్కువైతే హిమానీనదం దిగువ కొస వెనక్కి జరుగుతుంది. ‘వెనక్కి తగ్గడం’ అంటే ఇదే. చాలామంది పొరబడేది ఇక్కడే. అప్పుడు కూడా మంచు కిందికే పారుతుంటుంది. కాకపోతే వచ్చి చేరే మంచు కంటే కొస దగ్గర కరిగేది ఎక్కువ, అంతే.