ఫైలు మీద ‘ఆర్’ అని ఉంటే వదిలేయకండి

నమస్తే అండీ. మీ అల్లుడి వాళ్ళింట్లో ‘మా పూర్వీకుడు అమెరికా స్వాతంత్య్ర యుద్ధం రోజుల్లో సరిహద్దు సైనికుడు’ అని చెప్పుకుంటారనీ, మనవడి కోసం ఆ చరిత్ర రాసిపెట్టాలని ఉందనీ, కానీ పింఛను పొందినవాళ్ళ జాబితాల్లో ఆయన పేరు దొరకడం లేదనీ రాశారు. ఇదే పని నేను రెండేళ్ళ కిందట చేశాను. మా అమ్మాయి వాళ్ళు ఒహాయోలో కొలంబస్‌లో ఉంటారు, అల్లుడి వాళ్ళది కెంటకీ. నేను ముప్పై ఏళ్ళు రెవెన్యూ ఆఫీసులో పాత రికార్డులతో గడిపినవాణ్ణని తెలిసి మా వియ్యపురాలు ఓ అట్టపెట్టె నిండా కాగితాలు తెచ్చి నా ముందు పెట్టారు.

ముందుగా, సైనికుడి పేరు పట్టుకుని వెతకడం ఆపేయండి. మీ అల్లుడి దగ్గర మొదలుపెట్టి ఒక్కో తరం వెనక్కి వెళ్ళండి. 1850 జనాభా లెక్కల్లోనే మొదటిసారి ఇంట్లో ఉన్న అందరి పేర్లు, వయసులు, పుట్టిన రాష్ట్రం రాశారు. (బానిసలుగా ఉన్నవాళ్ళ పేర్లు మాత్రం అప్పుడు కూడా రాయలేదు.) అంతకుముందు ఇంటిపెద్ద పేరు ఒక్కటే ఉండేది. కెంటకీకి 1790, 1800 లెక్కలు అసలు మిగల్లేదు, అక్కడ పన్ను జాబితాలే దిక్కు. మాకు ఒకే కౌంటీలో (మన జిల్లా లాంటిది) అదే పేరుతో ముగ్గురు కనిపించారు. ఆ జాబితాల్లో పొలం ఏ వాగు పక్కన ఉందో రాస్తారు. మన దస్తావేజుల్లో హద్దులు చూసినట్టు ఆ వాగుల పేర్లు చూసి మా మనిషిని వేరు చేశాం. అది తేలకుండా ముందుకు వెళ్ళి ఉంటే వేరేవాళ్ళ తాతను మా చెట్టుకు తగిలించేవాళ్ళం.

ఇక పింఛను సంగతి. 1800కి ముందు కాగితాలు చాలా తక్కువ, ఎందుకంటే ఆ ఏడాది నవంబరులో యుద్ధ శాఖ ఆఫీసు కాలిపోయింది. 1832 జూన్‌లో కొత్త చట్టం వచ్చింది. స్వాతంత్య్ర యుద్ధంలో కనీసం ఆరు నెలలు, మిలీషియాలో (స్థానిక పౌరుల దళంలో) అయినా సరే, పనిచేసినవాళ్ళు కౌంటీ కోర్టులో జడ్జి ముందు ప్రమాణం చేసి తమ సర్వీసు చెప్పుకోవచ్చు. ఆ ఫైళ్ళలో ఎస్ అంటే సైనికుడికి మంజూరైనది, డబ్ల్యూ అంటే ఆయన పోయాక భార్యకు, ఆర్ అంటే తిరస్కరించినది. జాబితాలో పేరు లేదని మీరు ఆగిపోయారు చూడండి, తిరస్కరించిన ఫైలు కూడా జాగ్రత్తగా భద్రపరిచారు. మాది ఆర్ ఫైలే. నా లెక్కలో అదే బంగారం.

అందులో డెబ్బై ఏళ్ళ ముసలాయన చెప్పింది గుమాస్తా రాసుకున్నాడు. 1782 వేసవిలో నాలుగు నెలలు ఒక కోట దగ్గర ‘ఇండియన్ స్పై’గా తిరిగానన్నాడు. అక్కడ ఇండియన్లంటే అమెరికా ఆదివాసులు. అడవిలో ముందు నడుస్తూ వాళ్ళ జాడలు కనిపెట్టే వేగువాడన్నమాట. మళ్ళీ 1791లో కెంటకీ మిలీషియాతో అమెరికా సేనాని జనరల్ సెయింట్ క్లెయిర్ కింద ఆదివాసుల మీద యుద్ధానికి వెళ్ళానన్నాడు. కింద పేరుకీ ఇంటిపేరుకీ మధ్య ఒక ఇంటూ గుర్తు, పక్కన ‘ఆయన గుర్తు’ అని గుమాస్తా చేతిరాత. మన పాత కాగితాల్లో నిశానీ లాంటిదే. ఆ ఇంటూలో ఒక గీత మధ్యలో వణికి ఆగి మళ్ళీ సాగింది. దాన్ని చూస్తూ చాలాసేపు ఉండిపోయాను. స్వాతంత్య్ర యుద్ధం కింద లెక్కకు వచ్చింది నాలుగు నెలలే, 1791 నాటిది ఆ యుద్ధం కాదు. అందుకే పింఛను రాలేదు.

కానీ ఇక్కడితో ఆగకండి. 1855లో ఇంకో చట్టం వచ్చింది. 1790 తర్వాత జరిగిన యుద్ధాల్లో పద్నాలుగు రోజులు పనిచేసినవాళ్ళకైనా, వాళ్ళు పోతే వాళ్ళ భార్యలకైనా 160 ఎకరాల ప్రభుత్వ భూమికి హక్కుపత్రం ఇచ్చారు. ఆ ఫైలు కోసం నేషనల్ ఆర్కైవ్స్‌కి (అమెరికా ప్రభుత్వ పాత రికార్డులు దాచే సంస్థ) ఎన్‌ఏటీఎఫ్ 85 అనే ఫారం పెట్టాలి. మాకు స్కాన్ వచ్చింది. ఆయన భార్య, అప్పటికి ఎనభై ఏళ్ళ ముసలమ్మ, పెళ్ళికి సాక్ష్యంగా తమ ఇంటి బైబిల్లోంచి ఒక పేజీ చింపి పంపింది. ఎడమ అంచు చిరుగులు చిరుగులుగా ఉంది, గోధుమరంగు సిరాలో తొమ్మిది మంది పిల్లల పుట్టిన తేదీలు. ఇద్దరి పేర్ల పక్కన ఒకే నెలలో చావు తేదీలు. ఆ పేజీ తిరిగి ఇంటికి రాలేదు, అందుకే ఇంట్లో ఎవరికీ ఆ ఇద్దరు పిల్లల సంగతే తెలియదు. వాషింగ్టన్ సైన్యంలో సైనికుడనుకున్నది తప్పని తెలిసి మొదట కాస్త చిన్నబుచ్చుకున్న మా వియ్యపురాలు ఈ పేజీ చూసి కళ్ళు తుడుచుకున్నారు.

వీలైతే ఆ చోటికి వెళ్ళి చూడండి. మేం ఒహాయోలోని ఫోర్ట్ రికవరీ అనే ఊరికి వెళ్ళాం. 1791 నవంబరు 4 తెల్లవారుజామున అక్కడే సెయింట్ క్లెయిర్ సైన్యం ఆరువందల మందికి పైగా పోగొట్టుకుంది. వాబాష్ నది అక్కడ చిన్న వాగంతే ఉంటుంది. కెంటకీ మిలీషియా ఆ వాగు అవతల దిగింది, మొదటి దెబ్బ వాళ్ళ మీదే పడింది. గెలిచిన మయామీ, షానీ, డెలావేర్ ఆదివాసీ తెగలవాళ్ళు లిటిల్ టర్టిల్, బ్లూ జాకెట్ నాయకత్వంలో తమ ఊళ్ళ కోసం పోరాడారు. 1795 గ్రీన్‌విల్ ఒప్పందంతో ఒహాయోలో ఎక్కువ భాగం వాళ్ళ చేయి దాటిపోయింది. మనవడికి రాసేటప్పుడు ఆ పేర్లు కూడా తప్పకుండా రాయండి. మా మనవరాలి చార్టులో రాశాం.

మీ వాళ్ళ పూర్వీకుడు ఏ కౌంటీలో ఉండేవాడో, సుమారుగా ఎప్పుడు పోయాడో ఇక్కడ రాయండి. కెంటకీ అయితే పన్ను జాబితాలు నేనే చూసిపెడతాను.