గోడ లేచిన తేదీ ముందు తేల్చండి

ప్రశ్న: మా కాలనీకి, తూర్పున ఉన్న కాలనీకి మధ్య హద్దుగా రాతి కడీలు ఉండేవి. సుమారు నాలుగైదు నెలల కిందట అవతలివారు రాత్రికి రాత్రి వాటిని పీకేసి, పది అడుగులు మా వైపు జరిగి ప్రీకాస్ట్ గోడ కట్టారు. మా రోడ్డు చివర అసోసియేషన్ తరఫున కంచె వేసి వేపచెట్లు పెంచుకున్న జాగా అటు పోయింది. అడగబోయిన పెద్దలను దుర్భాషలాడారు. పోలీసులు ఇది సివిల్ తగాదా అన్నారు. మీటింగులు పెట్టుకుంటున్నాం గానీ మున్సిపాలిటీకి ఇంకా రాసివ్వలేదు. గోడ కూల్చేద్దామని మా కుర్రాళ్లు వాట్సాప్ గ్రూపులో పట్టుబడుతున్నారు. మాకు న్యాయం జరిగేదెలా?

జవాబు: మీ ఉత్తరంలో సగానికి పైగా అవతలివారి దురుసుతనం గురించే ఉంది. స్వాధీనం గురించిన దావాలో కోర్టు దాన్ని లెక్కలోకి తీసుకోదు. మీ కేసును తేల్చేది, ఆ జాగా మీ చేతుల్లోంచి పోయిన తేదీ. దాన్నే మీరు ‘సుమారు నాలుగైదు నెలలు’ అని తేలిగ్గా వదిలేశారు.

స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం, 1963లోని సెక్షన్ 6 ప్రకారం, స్థిరాస్తి స్వాధీనంలో ఉన్నవారిని వారి సమ్మతి లేకుండా, చట్టప్రకారం కాకుండా తొలగించినప్పుడు, ఆరు నెలల్లోపు దావా వేసి స్వాధీనాన్ని తిరిగి పొందవచ్చు. హక్కు ఎవరిదన్న ప్రశ్న అందులో అడ్డురాదు. మీకు ఇది ఎంత విలువైనదో గ్రహించండి. మీ ప్లాట్ల దస్తావేజుల్లో ఆ జాగా ఉండదు, ఆమోదం పొందిన లేఅవుట్‌లో రోడ్లు, ఖాళీ స్థలాలు సాధారణంగా స్థానిక సంస్థకు దఖలు పడతాయి కనుక, హక్కు నిరూపించమంటే అసోసియేషన్ చూపగల కాగితం బహుశా ఉండదు. ఆరు నెలలు దాటితే హక్కు ఆధారంగా వేసే దావాకు పన్నెండేళ్ల గడువు ఉన్నా, అప్పుడు మున్సిపాలిటీని కూడా కక్షిదారుగా చేర్చి సుదీర్ఘంగా పోరాడాల్సి వస్తుంది. ఆలస్యాన్ని మన్నించమని కోరే వెసులుబాటు లిమిటేషన్ చట్టం (కోర్టు గడువుల చట్టం) సెక్షన్ 5లో అప్పీళ్లకు, దరఖాస్తులకే గానీ దావాలకు లేదు. నోటీసులిచ్చినా, పెద్దమనుషుల్లో పెట్టినా, పోలీసుల చుట్టూ తిరిగినా ఆ ఆరు నెలలు ఆగవు.

ఇన్ని నెలలు మీటింగులు పెట్టుకుని, రసీదు తీసుకుని ఒక్క రాతపూర్వక ఫిర్యాదైనా మున్సిపాలిటీకి ఇవ్వకపోవడం క్షమించరాని నిర్లక్ష్యం. పోయినది పోగా మిగిలిన సాక్ష్యాన్నయినా కాపాడుకోండి. పీకిన కడీలు ఎక్కడ పడి ఉంటే అక్కడే ఉండనివ్వండి. విరిగిన మొదళ్లు, వాటి గుంతలు నేలలో ఇంకా కనిపిస్తుంటే కొలతలతో ఫోటోలు తీయండి. ఫోటో తీసిన ఫోన్‌ను అలాగే భద్రపరచండి, ఎందుకంటే భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 ప్రకారం ఆ ఫోన్ గురించిన ధ్రువపత్రం లేకపోతే ఎలక్ట్రానిక్ సాక్ష్యం నిలవడం కష్టం, వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయిన ఫోటోలో అసలు తేదీ వివరాలు సాధారణంగా మిగలవు. కంచె కొన్న బిల్లు, చెట్లకు నీళ్లు పోసినవారికి చెల్లించిన జీతం పద్దు, అసోసియేషన్ తీర్మానాలు మీ స్వాధీనాన్ని చూపుతాయి.

జేసీబీ తెప్పించే ఆలోచన మాత్రం ఈ క్షణమే మానండి. మీరు గోడ కూలిస్తే అదే సెక్షన్ 6 వారి చేతికి ఆయుధమవుతుంది. ఆస్తి ధ్వంసం కేసు కూడా మీ యువకుల మీదే పడుతుంది. గ్రూపులో ఆ మెసేజ్‌లను చూపి మీకు వ్యతిరేకంగా ఇంజంక్షన్ (కోర్టు నిషేధ ఉత్తర్వు) తెచ్చుకోవడం వారికి సులువు. మీకు తెలియకుండా వారు అలాంటి ఉత్తర్వులు పొందే వీలు లేకుండా, సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) సెక్షన్ 148ఎ కింద కేవియట్, అంటే మీ మాట వినకుండా ఉత్తర్వులివ్వవద్దని కోర్టును ముందుగానే కోరే అర్జీ, దాఖలు చేయండి, అది తొంభై రోజులు అమలులో ఉంటుంది.

గోడ లేచిపోయింది కాబట్టి వట్టి ఇంజంక్షన్ దావా చాలదు. స్వాధీనం, గోడ తొలగింపు రెండూ కోరాలి. అసోసియేషన్ రిజిస్ట్రేషన్ సక్రమంగా ఉంటే దావా కాగితాలపై సంతకం చేసేవారి పేరుతో తీర్మానం రాయించండి. లేకుంటే కొందరు నివాసులు సీపీసీలోని ఆర్డర్ 1 రూల్ 8 కింద కోర్టు అనుమతితో అందరి తరఫున దావా వేయవచ్చు. దావాతోపాటే ఆర్డర్ 26 రూల్ 9 కింద అడ్వకేట్ కమిషనర్‌ను (స్థలాన్ని చూసి నివేదిక ఇచ్చేందుకు కోర్టు పంపే న్యాయవాదిని) నియమించమని, సర్వేయర్ సాయంతో రెండు లేఅవుట్ల హద్దును కొలిపించమని దరఖాస్తు పెట్టండి. మండల సర్వేయర్‌తో కొలిపించుకోవడం, లేఅవుట్ ధ్రువీకృత నకలు తీసుకోవడం ఏకకాలంలో సాగాలి, వాటి కోసం దావాను ఆపకూడదు. గోడ కట్టిన రోజును చూసిన ఇద్దరు ముగ్గురిని పిలిచి తేదీ నిర్ధారించుకుని, ఈ వారంలోనే స్థానిక న్యాయవాదికి కాగితాలన్నీ అప్పగించండి.